మార్చి 31 వయసెంత?

ఫాల్గుణం వచ్చిందంటే తెలుగిళ్ళలో చేతినిండా పనే. కొత్త చింతపండు బజారుకొస్తుంది. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు గుట్టలు పడతాయి. కొత్త కందిపప్పు దిగుతుంది. ఏడాదికి సరిపడా కొనుక్కుని, చింతపండులో గింజా ఈనే తీసి, మిరపకాయలకు తొడిమలు ఒలిచి, ఎండబెట్టి జాడీల్లోకి ఎత్తుకునే ఇళ్ళు తగ్గాయేమో గానీ పూర్తిగా పోలేదు. అదే ఇంట్లో ఒకరు పదో తరగతి పరీక్షలకు కూర్చుని ఉంటారు. చిన్నవాళ్ళు ఒంటిపూట బడి నుంచి పన్నెండున్నరకే వచ్చేసి ఇల్లు పీకి పందిరేస్తుంటారు. ఇక ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళకు మాత్రం రెండు పూటలూ చాలవు. బ్యాంకులో క్లోజింగు, ట్రెజరీలో బిల్లులు, కంపెనీలో టార్గెట్లు, కాంట్రాక్టరుకు రావలసిన సొమ్ము, ఇంటిపన్ను బకాయి, బీమా ఏజెంటు ఫోను, జీతంలో రెండు నెలలుగా గట్టిగా కోతపడుతున్న టీడీఎస్, అన్నీ ఒకే తేదీని చూపించి తరుముతాయి. ఆ తేదీ మార్చి 31. ఎవరినడిగినా రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. తెల్లవాడు పెట్టిపోయాడు, మనం మోస్తున్నాం అన్నది ఒకటి. పంట చేతికొచ్చే కాలం, ఉగాది వచ్చే కాలం, అందుకే ఆ రోజు పెట్టారన్నది మరొకటి. మొదటిది సగం నిజం. రెండోది కుదరని కథ. సర్కారు ఖాతాలో మార్చి 31 వయసు నూటయాభై ఏళ్ళు దాటింది, నిజమే. కానీ మన ఇంటినీ దుకాణాన్నీ కలిపి ఊపేసే మార్చి నెల మాత్రం చాలా చిన్నది. దానికి నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

ముందు సర్కారు ఖాతా సంగతి. ఈస్టిండియా కంపెనీ ఇక్కడి లెక్కలను మే 1 నుంచి ఏప్రిల్ 30 వరకు కట్టేది. 1857 తిరుగుబాటు తర్వాత పాలన బ్రిటిష్ రాణి చేతికి వెళ్ళింది. తిరుగుబాటును అణచడానికి చేసిన ఖర్చు ఖజానాను ఖాళీ చేసింది. దాన్ని సర్దడానికి లండన్ నుంచి జేమ్స్ విల్సన్‌ని పంపారు. 'ది ఎకానమిస్ట్' పత్రికను 1843లో స్థాపించినవాడు ఆయనే. 1860లో మన దేశానికి మొదటి బడ్జెట్టు, మొదటి ఆదాయపు పన్ను ఆయన చేతి మీదుగానే వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో కలకత్తాలో రక్తవిరేచనాలతో చనిపోయాడు. ఆయన పెట్టిన పద్ధతి నిలిచింది గానీ సంవత్సరం మాత్రం ఇంకా మే నుంచి ఏప్రిల్ వరకే నడిచింది. ఇక్కడి లెక్కలు బ్రిటిష్ పార్లమెంటు ముందు పెట్టాలి. అక్కడి ప్రభుత్వ సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఒక నెల తేడాతో రెండు పద్దులను సరిపోల్చడం గుమాస్తాలకు తలనొప్పి. అందుకని 1866 మే 1న మొదలైన సంవత్సరాన్ని 11 నెలలకే మూసేసి, 1867 ఏప్రిల్ 1 నుంచి కొత్త పద్దు తెరిచారు. మార్చి 31 జన్మ వృత్తాంతం ఇంతే. ఇందులో పంట లేదు, పండగ లేదు. లండన్‌లో లెక్క చూసేవాడి సౌకర్యం ఉంది.

మరి లండన్‌లో ఆ తేదీ ఎందుకుంది? అది అక్కడి వసంతం సంగతి. ఇంగ్లండులో 1751 దాకా చట్టరీత్యా సంవత్సరాది మార్చి 25. మేరీమాతకు దేవదూత శుభవార్త చెప్పిన రోజుగా క్రైస్తవులు జరుపుకునే పండగ అది. కౌళ్ళు, అద్దెలు, అప్పుల గడువులు ఆ రోజుతో ముడిపడి ఉండేవి. 1752లో వాళ్ళు పాత జూలియన్ క్యాలెండరు వదిలి గ్రెగోరియన్ క్యాలెండరుకు మారినప్పుడు సెప్టెంబరు 2 మర్నాడు సెప్టెంబరు 14 అయింది. నడుమ 11 రోజులు లేనే లేవు. మార్చి 25కి ఆ 11 కలిపితే ఏప్రిల్ 5 వస్తుంది. బ్రిటన్‌లో మామూలు మనిషి కట్టే ఆదాయపు పన్ను సంవత్సరం ఇప్పటికీ ఏప్రిల్ 5తోనే ముగుస్తుంది. ప్రభుత్వ పద్దు మాత్రం పందొమ్మిదో శతాబ్దం మధ్యలో మార్చి చివరికి సర్దుకుంది. అంటే చర్చి పండగ రోజున పెట్టుకున్న కౌలు గడువు ఒకటి, క్యాలెండరు మారినప్పుడు కాస్త జరిగి, తర్వాత సాపు చేసుకుని, సముద్రం దాటి విజయవాడలో ఒక కాంట్రాక్టరు బిల్లు మీద కూర్చుంది. చరిత్రలో తేదీలు చాలావరకు ఇలాగే ప్రయాణం చేస్తాయి, టిక్కెట్టు లేకుండా.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. కారణం ఏదైనా, ఆ తేదీ మన వ్యవసాయానికి సరిపోయింది కదా, రబీ చేతికొచ్చే వేళకు లెక్క ముగియడం సబబే కదా అంటారు. ఉత్తరాదిన గోధుమ పండించేవాళ్ళకు ఆ మాట కొంత చెల్లుతుందేమో. కృష్ణా గోదావరి డెల్టాలకు చెల్లదు. సార్వా వరి కోతలు నవంబరు, డిసెంబరులో అయి, నూర్పిళ్ళు సంక్రాంతికి ఒక కొలిక్కి వస్తాయి. దాళ్వా ఏప్రిల్లో కోతకొస్తుంది. మిర్చి కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతూనే ఉంటాయి. మార్చి 31 ఒక పంట అయిపోయిన రెండున్నర నెలలకు, ఇంకో పంట పచ్చిమీద ఉండగా వచ్చి పడుతుంది. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఒకటుంది. పొలం లెక్కల కోసం ఇంగ్లీషువాళ్ళు మార్చి 31ని వాడనే లేదు. దానికి వేరే సంవత్సరం ఉంది. అక్బరు కాలంలో మొదలై, షాజహాను హయాంలో దక్కనుకు వచ్చిన ఫసలీ అది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1855 నుంచి ఫసలీని జులై 1న మొదలయ్యేట్టు స్థిరపరిచారు. కరణం అడంగల్ రాసింది ఆ ఫసలీ ప్రకారం. తాసిల్దారు జమాబందీకి కూర్చుంది ఆ ఫసలీ ముగింపులో. ఖజానా పద్దును ఏప్రిల్‌కు మార్చిన అదే ప్రభుత్వం, శిస్తు పద్దును జులైలోనే ఉంచింది. పంటను బట్టే ఏప్రిల్ పెట్టి ఉంటే ఆ రెండో సంవత్సరం అవసరమే ఉండేది కాదు. ఆంధ్ర ప్రాంతంలో అడంగల్ తీసి చూస్తే ఫసలీ సంఖ్య ఇప్పటికీ కనిపిస్తుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1434 అంటే 2024 జులైలో మొదలైందన్న మాట. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది, కరణం రాసిన సంవత్సరం మాత్రం రద్దు కాలేదు.

పోనీ ఉగాది అందామంటే అదీ నిలవదు. ఉగాది చాంద్రమానం. మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ రెండో వారం దాకా ఎక్కడైనా వస్తుంది. 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. అధికమాసం పడ్డ ఏడాది పదమూడు నెలలవుతుంది. పదమూడు నెలల జీతం ఇవ్వడానికి ఏ సర్కారూ ఒప్పుకోదు కాబట్టి చాంద్రమానం ఖజానాకు పనికిరాదు. అయితే ఉగాదికి లెక్కలతో సంబంధం లేదని అనుకోవద్దు. గట్టి సంబంధమే ఉంది, కాకపోతే అది సర్కారుతో కాదు, దుకాణంతో, పొలంతో. పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చదువుతారు. ఏ అసెంబ్లీలోనూ ఓటింగు లేకుండా ఆమోదం పొందే బడ్జెట్టు అదొక్కటే. చాలా ఊళ్ళలో పాలేర్ల జీతం ఉగాది నుంచి ఉగాదికి మాట్లాడుకునేవారు. వ్యాపారి కొత్త చిట్టా, కొత్త ఆవర్జా తెరిచేదీ చాలాచోట్ల ఆ రోజే. ఎర్ర గుడ్డ అట్ట వేసి నిలువుగా కుట్టిన పొడుగాటి పుస్తకం తెచ్చి, నాలుగు మూలలా పసుపు రాసి, మధ్య కుంకుమ బొట్టు పెట్టి, మొదటి పుట పైన 'శ్రీ' చుట్టి, పాత పుస్తకంలోంచి బాకీలు ఎత్తి రాసేవారు. ఆ ఎత్తి రాయడం చిన్న పని కాదు. ఎవరి దగ్గర ఎంత నిలవ ఉందో, అందులో వచ్చేదెంత, రానిదెంత అని వ్యాపారి తనతో తాను తేల్చుకునే సమయం అది. రాని బాకీని కొత్త పుస్తకంలోకి ఎత్తకపోతే అది పోయినట్టే లెక్క. ఇప్పుడు బ్యాంకులు నిరర్థక ఆస్తులని పెద్ద పేరు పెట్టి చేసేది కూడా ఆ పనే.

దుకాణం ఒక్కటే కాదు. 1988 వరకు తెలుగు నేల మీద నడిచిన సంవత్సరాలను లెక్కపెడితే ఎన్ని రకాలో తెలుస్తుంది. తెలుగు వ్యాపారికి ఉగాది. హైదరాబాదు బేగంబజారులో స్థిరపడ్డ మార్వాడీ, గుజరాతీ వ్యాపారులకు దీపావళి. రెవెన్యూ వాళ్ళకు జులై. బడికి జూను. బ్యాంకుకు జనవరి. రిజర్వు బ్యాంకుకు మళ్ళీ జులై. నిజాం కాలంలో హైదరాబాదు సంస్థానానికి తనదంటూ ఒక ఫసలీ ఉండేది. అది మద్రాసు ఫసలీలా జులైలో కాక అక్టోబరు మొదటి వారంలో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. అంటే కృష్ణా నదికి ఇటొకటి, అటొకటి. నది దాటితే నాణెం మారినట్టే సంవత్సరమూ మారేది. 1950 ఏప్రిల్ 1న సంస్థానాల ఆర్థిక వ్యవస్థను కేంద్రంలో కలిపినప్పుడు హైదరాబాదు ఖజానా కూడా ఏప్రిల్ దారిలోకి వచ్చింది. కానీ ఖజానా వచ్చిందంటే జనం వచ్చారని కాదు. సర్కారు ఉద్యోగికి మార్చి చివర పని ఎక్కువ ఉండేది నిజమే. పక్కింటి కిరాణా షాపాయనకు, ఎదురింటి బ్యాంకు క్లర్కుకు, పై వీధిలో ఉన్న బట్టల వ్యాపారికి మార్చి ఒక మామూలు ఎండాకాలపు నెల. వాళ్ళ హడావుడి వేరే నెలల్లో ఉండేది.

ఇది ఊహ కాదు, చట్టంలోనే ఉండేది. ఆదాయపు పన్ను కట్టే వ్యాపారి తన లెక్కల సంవత్సరాన్ని తనే ఎంచుకోవచ్చు. దీపావళికి దీపావళి అని చెప్పుకోవచ్చు, క్యాలెండరు సంవత్సరం అని చెప్పుకోవచ్చు. మార్చి 31 లోపల ముగిసిన ఆ పన్నెండు నెలల ఆదాయానికి తర్వాతి ఏడాది పన్ను లెక్కకట్టేవారు. ఒకే మనిషి రెండు వ్యాపారాలకు రెండు సంవత్సరాలు పెట్టుకున్నా తప్పు లేదు. ఈ వెసులుబాటును తెలివైనవాళ్ళు బాగానే వాడుకున్నారు. ఒక సంస్థలో ఖర్చు చూపించి, ఇంకో సంస్థలో అదే సొమ్మును ఆదాయంగా నెలల తర్వాత చూపించి, పన్నును ముందుకు జరుపుతూ పోయేవారు. దీన్ని కట్టడి చేయడానికి 1987లో ప్రత్యక్ష పన్నుల చట్టాలను సవరించి, 1989-90 మదింపు సంవత్సరం నుంచి అందరికీ ఏప్రిల్-మార్చి ఒక్కటే అన్నారు. మారే ఏడాది కొందరి లెక్క పన్నెండు నెలలు దాటి సాగింది. దాదాపు అప్పుడే బ్యాంకులూ మారాయి. 1988 జనవరిలో తెరిచిన పద్దును డిసెంబరులో మూయకుండా 1989 మార్చి దాకా, 15 నెలలు నడిపి, అక్కడి నుంచి మార్చి క్లోజింగు మొదలెట్టాయి. ఏప్రిల్ 1న బ్యాంకుకు వెళితే ఖాతాదార్లకు సెలవు బోర్డు కనిపిస్తోందంటే అది ఈ మార్పు చలవే. తర్వాత 2013 కంపెనీల చట్టం దాదాపు కంపెనీలన్నింటినీ మార్చి 31కి కట్టేసింది. చివరికి రిజర్వు బ్యాంకు కూడా 2020 జులైలో తెరిచిన పద్దును 9 నెలలకే మూసి, 2021 ఏప్రిల్ నుంచి వరసలో నిలబడింది. మన మార్చి నెల అసలు పుట్టుక ఇదీ. 1867లో పడింది విత్తనమే. 1989లో అది చెట్టయి అందరి పెరట్లోకీ వంగింది.

ఆశ్చర్యమేమిటంటే, తెల్లవాడు పెట్టాడని మనం తిట్టుకునే ఈ హడావుడిలో పెద్ద వాటా స్వతంత్ర భారతం తన చట్టాలతో, తన కారణాలతో చేర్చుకున్నదే. పైగా మరికొన్ని భారాలు ఏ చట్టమూ చెప్పకుండానే వచ్చి దాని మీద కూర్చున్నాయి. పరీక్షలు మార్చిలో రావడానికి ఆర్థిక సంవత్సరంతో సంబంధం లేదు. ఎండలు ముదరకముందే ముగించి, తొలకరి వేళకు బడి తెరవాలన్న వాతావరణపు లెక్క అది. పప్పూ చింతపండూ కొనడం పంట లెక్క. పొదుపు పత్రాలు, బీమా ప్రీమియంలు మాత్రం పన్ను మినహాయింపు ఇచ్చిన సెక్షన్ 80సి పుణ్యం. ఏప్రిల్ 1 నుంచి ఎప్పుడైనా పెట్టుకోదగ్గ లక్షన్నర పొదుపును పదకొండు నెలలు మరిచిపోయి, పన్నెండో నెలలో ఎవరో చూపించిన కాగితం మీద సంతకం పెట్టడం మనకు అలవాటైంది. ఆ తొందరలో కొన్న పాలసీల్లో ఎన్ని అవసరానికి కొన్నవో, ఎన్ని రుజువు కోసం కొన్నవో వేరే చెప్పాలా? ఇప్పుడు కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు ఆ మినహాయింపే లేదు. 2023-24 నుంచి అదే సహజంగా వర్తించే విధానమైంది. కాబట్టి జీతగాళ్ళ ఇళ్ళలో ఈ ఒక్క భారం మెల్లమెల్లగా దిగుతోంది.

రెండో అభ్యంతరం కూడా న్యాయమైనదే. అందరికీ ఒకే సంవత్సరం ఉండడం మంచిది కాదా, పాత గందరగోళమే మేలంటారా అని. అలా అనను. రెండు కంపెనీల లాభాలను పక్కపక్కన పెట్టి చూడాలంటే రెండూ ఒకే పన్నెండు నెలలవై ఉండాలి. పన్ను ఎగవేతకు దారి మూయాలంటే సంవత్సరాన్ని ఎంచుకునే స్వేచ్ఛ పోవాలి. ఈ రెండూ ఒప్పుకోవలసిందే. కానీ లెక్క ఒకే రోజున ముగియడం వేరు, పని అంతా ఒకే రోజున జరగడం వేరు. మొదటిదానికి రెండోది తప్పనిసరి కాదని మన పన్నుల వ్యవస్థే చూపిస్తోంది. ముందస్తు పన్ను జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15న నాలుగు విడతల్లో కట్టాలి. టీడీఎస్ నెలనెలా జమవుతుంది. జీఎస్టీ నెలనెలా లేదా మూడు నెలలకోసారి. రిటర్నుల గడువులు జులై నుంచి డిసెంబరు దాకా పరుచుకుని ఉన్నాయి. వసూలు వైపు సర్కారు తన పనిని ఏడాది పొడవునా పంచుకుంది. పంచుకోనిది ఖర్చు వైపు. మంజూరైన నిధిని మార్చి 31 లోపల ఖర్చు పెట్టకపోతే అది మురిగిపోతుంది. మిగిల్చిన శాఖకు మెప్పు రాదు సరికదా, వచ్చే ఏడాది కేటాయింపులో కోత పడుతుందన్న భయం ఒకటి. అందుకే మార్చిలో సగం వేసిన రోడ్లు పూర్తవుతాయి, అక్కర్లేని బీరువాలు వస్తాయి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు సంవత్సరాంతపు ఖర్చుల తొక్కిడిని ఆర్థిక క్రమశిక్షణ ఉల్లంఘనగానే లెక్కగట్టాయి. చివరి మూడు నెలల్లో 33 శాతం, మార్చిలో 15 శాతం మించకూడదని కేంద్ర ఆర్థిక శాఖ పరిమితి పెట్టింది. పరిమితి పెట్టవలసి వచ్చిందంటేనే జబ్బు ఎక్కడుందో తెలుస్తోంది.

మూడో వాదం సంవత్సరాన్నే మార్చేద్దామన్నది. ఇది కొత్త మాటేమీ కాదు. వానలు తెలియకముందే బడ్జెట్టు వేయడం జూదమాడినట్టేనని వందేళ్ళ కిందటే అన్నారు. ఆస్టిన్ చేంబర్లేన్ అధ్యక్షతన కూర్చున్న రాయల్ కమిషన్ 1914లో ఈ తేదీ భారతదేశానికి అనుకూలం కాదని, నవంబరు గానీ జనవరి గానీ మేలని తేల్చింది. స్వాతంత్ర్యం తర్వాత పరిపాలనా సంస్కరణల సంఘం నవంబరు 1 అంది. 1984లో వేసిన ఎల్.కె. ఝా కమిటీ జనవరి 1 అంది. 2016లో శంకర్ ఆచార్య కమిటీ మళ్ళీ ఈ ప్రశ్ననే పరిశీలించింది. 2017లో మధ్యప్రదేశ్ జనవరికి మారతామని ప్రకటించింది గానీ మారలేదు. ఈ వాదంలో బలం లేకపోలేదు. మన డెల్టాలనే చూడండి. కాలువలు కట్టేసేది ఏప్రిల్, మే నెలల్లో. పూడిక తీయాలన్నా, షట్టర్లు బాగుచేయాలన్నా, గట్లు పోయాలన్నా ఆ నలభై యాభై రోజులే దిక్కు. జూన్లో నీళ్ళు వదిలితే మళ్ళీ ఏడాది దాకా కాలువలో దిగే వీలుండదు. సరిగ్గా ఆ పని మొదలవ్వాల్సిన రోజున పాత నిధి మురుగుతుంది, కొత్త నిధి ఇంకా కాగితం మీద ఉంటుంది. అంచనా, మంజూరు, టెండరు, ఒప్పందం అయ్యేసరికి మే సగం గడుస్తుంది. నీళ్ళు వచ్చే ముందు రోజు దాకా పొక్లెయిన్లు కాలువలో ఉండడం ఏటా చూస్తున్నదే. బడ్జెట్టును ఫిబ్రవరి చివరి నుంచి ఫిబ్రవరి 1కి 2017లో జరిపినప్పుడు కేంద్రం చెప్పిన కారణం కూడా ఇలాంటిదే, ఏప్రిల్ మొదటి రోజు నుంచే నిధులు అందాలని.

అయినా తేదీ మార్చితే హడావుడి పోతుందన్నది నమ్మదగ్గ మాట కాదు. దీనికి అమెరికా సాక్ష్యం. వాళ్ళ ప్రభుత్వ సంవత్సరం 1976 వరకు జులై 1న మొదలయ్యేది. చట్టం చేసి, నడుమ మూడు నెలలు విడిగా ఒక పద్దు నడిపి, అక్టోబరు 1కి మార్చుకున్నారు. మార్చుకున్న తర్వాత జూన్ తొక్కిడి సెప్టెంబరు తొక్కిడి అయింది, అంతే. జెఫ్రీ లీబ్‌మన్, నీల్ మహోనీ అనే ఆర్థికవేత్తలు 2004 నుంచి 2009 దాకా అక్కడి ప్రభుత్వ కొనుగోళ్ళను పరిశీలిస్తే, సంవత్సరం ఆఖరి వారంలో ఖర్చు మిగతా ఏడాది వారపు సగటు కంటే దాదాపు 5 రెట్లు తేలింది. ఆ వారంలో కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందాల నాణ్యత కూడా మిగతా వాటికంటే తక్కువేనని వాళ్ళు గమనించారు. అక్కడ ఉగాది లేదు, దాళ్వా లేదు, పదో తరగతి పరీక్షలు లేవు. ఉన్నదొక్కటే, వాడకపోతే పోతుందన్న నిబంధన. మనం జనవరికి మారితే ఆ తొక్కిడి డిసెంబరుకు వెళుతుంది. ధాన్యం అమ్ముకునే వేళ, సంక్రాంతి బట్టల బేరాల వేళ రైతుకూ వ్యాపారికీ ఇప్పుడున్న కాస్త తెరిపీ పోతుంది. మారడానికయ్యే ఖర్చు వేరే. ప్రతి చట్టం, ప్రతి సాఫ్ట్‌వేరు, ప్రతి ఒప్పందం తిరగరాయాలి.

ఈ రుజువులన్నీ కలిపి చూస్తే మిగిలే పని తేదీతో కాదు, ఆ తేదీకి మనం తగిలించిన బరువులతో. అందులో కొన్ని చట్టం లేకుండానే కదిలించవచ్చు. కాలువల మరమ్మతు వంటి కాలబద్ధమైన పనులకు కేటాయించిన నిధి మార్చి 31న మురిగిపోకుండా జూన్ దాకా నిలిచే ఏర్పాటు కావాలి. ఇది కోరరాని కోరిక కాదు, రెండేళ్ళకోసారి బడ్జెట్టు వేసుకునే ప్రభుత్వాలు ప్రపంచంలో ఉన్నాయి. ఇంటిపన్ను విషయంలో మన పురపాలికలు దారి చూపించాయి కూడా. ఏప్రిల్లోనే ఏడాది పన్ను కట్టేవారికి 5 శాతం తగ్గింపు హైదరాబాదులోనూ ఆంధ్ర పట్టణాల్లోనూ ఇస్తున్నారు. జనం మార్చి చివరి రోజుదాకా ఆగకుండా ఏప్రిల్ మొదట్లోనే వరసలో నిలబడడానికి ఆ అయిదు శాతం చాలింది. భయపెట్టే గడువు కంటే చిన్న రాయితీ బాగా పనిచేస్తుందన్నమాట. ఇదే పద్ధతి లైసెన్సు ఫీజులకు, నీటి బిల్లుల బకాయిలకు, సహకార సంఘాల వాయిదాలకు పెట్టడానికి ఏ కమిటీ అక్కర్లేదు.

సంవత్సరం మాత్రం ఇప్పట్లో కదలదు. 2025లో ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టం గత సంవత్సరం, మదింపు సంవత్సరం అనే పాత జంటను తీసేసి, 'పన్ను సంవత్సరం' అనే ఒకే ఒక్కదాన్ని పెట్టింది. అది మొదలయ్యేది ఏప్రిల్ 1నే, చట్టం అమలు తేదీ కూడా 2026 ఏప్రిల్ 1.